ఉప్పుగాలిలో డిస్కు బ్రేకు

పాత కార్ల మీద మోజున్నవాళ్లు నలుగురు చేరితే మాట ఎక్కడ మొదలైనా బ్రేకుల దగ్గరికే వస్తుంది. డ్రమ్ములు పీకించి డిస్కులు వేయించాలి, సామాను ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది, చెయ్యి తిరిగిన మెకానిక్ ఎవరు. వింటుంటే డ్రమ్ము పాతచింతకాయ పచ్చడనీ డిస్కు సర్వరోగ నివారిణి అనీ అనిపిస్తుంది. కాలిపర్‌తో పట్టే డిస్కు బ్రేకుల్ని నాలుగు చక్రాలకూ బిగించి మామూలు జనానికి అమ్మిన తొలి కార్లలో ఒకదాని కథ మాత్రం వేరుగా నడిచింది. అమెరికాలో రేడియోలు, ఫ్రిజ్‌లు చేసి పేరు తెచ్చుకున్న పావెల్ క్రాస్లీ 1949లో తన చిన్న కార్లకు ఈ బ్రేకులు పెట్టాడు. కొన్నవాళ్లలో చాలామంది ఎదురు డబ్బు పెట్టి వాటిని తీయించి డ్రమ్ములు వేయించుకున్నారు. 1950 దాటకముందే కంపెనీ కూడా డ్రమ్ములకే తిరిగి వెళ్లిపోయింది.

ఆ బ్రేకులు బాగానే పట్టేవి. పట్టాక వదలకపోవడమే ఇబ్బంది. చలికాలంలో అక్కడి రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు చేరి కాలిపర్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. మైపాడులోనో జువ్వలదిన్నెలోనో రోడ్డు మీద ఎవరూ ఉప్పు చల్లనక్కర్లేదు, ఆ పని గాలి చేసిపెడుతుంది. పాత బండికి కొత్త బ్రేకులు వేయించేవాళ్లందరూ వేడి గురించే మాట్లాడతారు. నెల్లూరు తీరంలో బండి తిప్పేవాళ్లు ముందు ఉప్పు గురించి ఆలోచించాలి. డిస్కు బ్రేకు మామూలు కార్లకి ఎక్కినప్పటి నుంచీ దాని వెంట పడుతున్న శత్రువు అదే.

డిస్కు బ్రేకు పుట్టుక ఇంకా ముందు, 1902లో, ఇంగ్లండులో. బర్మింగ్‌హామ్‌లో సొంతంగా కార్లు తయారుచేసిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఆ ఏడాది డిస్కు బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. చక్రంతో పాటు తిరిగే పలుచని లోహపు బిళ్లని రెండు వైపుల నుంచీ నొక్కి పట్టడం ఆయన ఆలోచన. ఈనాటి బ్రేకు సూత్రం కూడా అంతకన్నా ఎక్కువేమీ కాదు. నొక్కడానికి ఆయన చేతిలో ఉన్నది రాగి. లోహం మీద లోహం రాసుకుంటే వచ్చే కీచు శబ్దానికి వీధి అంతా తిరిగి చూసేది. మట్టి రోడ్ల దుమ్ములో రాగి ఇట్టే అరిగిపోయేది. హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన ఆస్బెస్టాస్ లైనింగు వాడి ఆ గోల తగ్గించాడు. మరో వందేళ్ల వరకు మెకానిక్‌ల ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన ఆస్బెస్టాస్ ధూళికి దారి తెరుచుకున్నది కూడా ఆ రోజుల్లోనే.

అదే 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకుకి ఒక రూపం ఇచ్చాడు. గెలిచింది డ్రమ్మే, అందుకు కారణం కూడా ఉంది. డ్రమ్ము లోపల ముందు వైపు షూ తెరుచుకుని గోడకి తగలగానే, తిరుగుతున్న డ్రమ్ము ఆ షూని తనవైపు ఇంకా లాక్కుంటుంది. డ్రైవరు కాలితో కొంచెం నొక్కితే చాలు, మిగతా బలం చక్రమే ఇస్తుంది. డిస్కులో ఈ సదుపాయం లేదు. ప్యాడ్ ఎంత బలంతో నొక్కితే అంతే పట్టు. హైడ్రాలిక్స్, బూస్టర్లు లేని కాలంలో మనిషి కాలి బలం డిస్కుకి సరిపోయేది కాదు. పైగా డ్రమ్ము మూసి ఉంటుంది, దుమ్మూ బురదా లోపలికి తక్కువ పోతాయి. ఆ కాలపు రోడ్లకు తగిన బ్రేకు అది.

డ్రమ్ముకి పడనిది వేడి. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను వేసుకున్న అంబాసిడర్ బరువు సుమారు 1500 కిలోలు ఉంటుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి దాన్ని పూర్తిగా ఆపాలంటే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 580 కిలోజౌళ్లు. రెండు లీటర్ల చల్లటి నీళ్లు మరిగించడానికి అంత వేడి కావాలి. పొయ్యి మీద అయితే దానికి పావుగంట పడుతుంది, ఇక్కడ నాలుగైదు సెకన్లలో తేలిపోవాలి. ఇందులో మూడింట రెండు వంతులు ముందు చక్రాల మీదే పడుతుంది. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది కదా.

వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది. పెడల్ కిందికి దిగిపోతుంది. లైనింగు కూడా ఒక హద్దు దాటాక పట్టు వదిలేస్తుంది. పంపు కొట్టినా ఫలితం ఉండదు. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారి పలకలా చదునుగా ఉంటుంది కాబట్టి ఈ అనుభవం అక్కడ అరుదు. తిరుమల దిగేటప్పుడు ఎదురవుతుంది. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు మీద బండి సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. ఆ 1500 కిలోల అంబాసిడర్ అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి, 100 కిలోమీటర్ల వేగం నుంచి వరసగా పద్దెనిమిది సార్లు బండి ఆపినప్పుడు పుట్టేదానికి సమానం. సెకండ్ గేరులో దిగితే అందులో చాలా భాగం ఇంజిన్ భరిస్తుంది. న్యూట్రల్‌లో దిగే ఘనులకు మొత్తం డ్రమ్ముల మీదే పడుతుంది.

డిస్కు అయితే బిళ్ల బయటికే ఉంటుంది. గాలి తగులుతుంది. వేడెక్కినప్పుడు మందం పెరిగి ప్యాడ్ల వైపుకే జరుగుతుంది తప్ప దూరంగా పోదు. నీళ్లలో తడిసినా ఒక్క చుట్టు తిరిగేసరికి విదిల్చేస్తుంది. ఈ గుణాల విలువ మొదట గ్రహించినవాళ్లు విమానాల ఇంజినీర్లు. బరువైన విమానం దిగగానే తక్కువ దూరంలో ఆగాలి, డ్రమ్ము సరిపోదు. రెండో ప్రపంచయుద్ధం నాటికి విమాన చక్రాలకు డిస్కులు వచ్చేశాయి, జర్మన్ల టైగర్ ట్యాంకులో కూడా ఒక రకం డిస్కు బ్రేకు ఉండేది. క్రాస్లీ తన కార్లకు తెచ్చుకున్న గుడ్‌ఇయర్-హాలీ బ్రేకు కూడా విమానాల నుంచి వచ్చిందే. విమానం ఉప్పు చల్లిన రోడ్డు మీద రోజూ తిరగదు కాబట్టి ఆ లోపం అక్కడ బయటపడలేదు.

ప్రపంచాన్ని ఒప్పించింది జాగ్వార్. డన్‌లప్ కంపెనీతో కలిసి, నార్మన్ డ్యూయిస్ అనే టెస్ట్ డ్రైవరు చేత మైళ్లకు మైళ్లు తిప్పించి, సి-టైప్ రేసు కారుకి డిస్కులు అమర్చింది. 1952లో ఫ్రాన్సులోని రీమ్స్‌లో స్టిర్లింగ్ మాస్ ఆ కారుతో గెలిచాడు. మరుసటి ఏడాది లె మాన్ 24 గంటల పందెంలో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ గెలిచారు. సగటు వేగం గంటకి సుమారు 170 కిలోమీటర్లు. అందరికన్నా ఆలస్యంగా బ్రేకు వేసి, తెల్లవారే వరకు ప్రతి మలుపులోనూ అదే ధైర్యంతో వేయగలగడం వాళ్ల గెలుపులో పెద్ద భాగం. 1955లో సిత్రోయెన్ డీఎస్, 1956లో ట్రయంఫ్ టీఆర్3 మామూలు కొనుగోలుదారులకు ముందు చక్రాల డిస్కులు ఇచ్చాయి.

అమెరికా తీరు విచిత్రం. 1964లో పాంటియాక్ జీటీఓ వచ్చింది. 6.4 లీటర్ల ఇంజిన్, 325 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. పరిగెత్తించడానికి అంత శక్తి ఇచ్చి, ఆపడానికి కుటుంబ కారు బ్రేకులు ఇవ్వడం ఇప్పుడు చూస్తే నేరంలా అనిపిస్తుంది కానీ అప్పుడు ఎవరూ అడగలేదు. 1967 దాకా ఆ కారుకి ముందు డిస్కులు ఆప్షన్‌గా కూడా రాలేదు. 1969లో షెవర్లే కమారోకి నాలుగు డిస్కుల ఆప్షన్ పెడితే, తీసుకున్న కార్లు 206 అని లెక్క తేలింది. డబ్బు ఇంజిన్ మీద పెట్టారు, బ్రేకు మీద పెట్టలేదు. పాత అమెరికన్ కార్లకు డిస్కు కిట్లు అమ్మే వ్యాపారం ఈనాడు అంత పెద్దగా ఉండడానికి మూలం ఆ పిసినారితనమే.

1965లో కార్వెట్‌కి మాత్రం నాలుగు చక్రాలకూ, ఒక్కో కాలిపర్‌లో నాలుగు పిస్టన్లతో డిస్కులు వచ్చాయి. వేడి సంగతి తేలిపోయింది. కొన్నేళ్లకు వేరే సమస్య లేచింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. ఆ తేమ కాలిపర్‌లోని పోత ఇనుము బోర్లను గుంటలు గుంటలుగా తినేసింది. గుంటల మీదుగా ఆయిల్ కారింది, గాలి లోపలికి పోయింది. చివరికి ఆ బోర్లలోకి స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగులు దించి ఇవ్వడమే ఒక వృత్తి అయింది. ఇప్పటికీ పాత కార్వెట్ కొనేవాళ్లు మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి. క్రాస్లీని బయటి ఉప్పు దెబ్బతీసింది, కార్వెట్‌ని లోపలి తేమ దెబ్బతీసింది. నెల్లూరు తీరంలో రెండూ ఉన్నాయి.

మన దగ్గర జీటీఓ లాంటి మజిల్ కార్లు అంటూ లేవు. రూపంలో ఆ పోలిక కాస్త ఉన్నది కాంటెసాకి. 1984లో వచ్చిన మొదటి కాంటెసాలో అంబాసిడర్ ఇంజినే, సుమారు 50 హార్స్‌పవర్. కండలు పైకి మాత్రమే. తర్వాత ఇసుజు 1800 సీసీ ఇంజిన్ వచ్చాక పరుగు వచ్చింది. మన పాత బళ్లంటే ముఖ్యంగా 1957 ప్రాంతం నుంచి 2014 దాకా ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్, బొంబాయి ప్రీమియర్ పద్మిని, బుల్లెట్టు, ఆర్‌ఎక్స్ 100. అన్నీ డ్రమ్ముల మీద పెరిగినవే. ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన చివరి తరం అంబాసిడర్లలో ముందు డిస్కులూ బూస్టరూ ఉన్నవి దొరుకుతాయి, ఈ సంగతి ముందుకు వెళ్లాక పనికొస్తుంది.

ఇక ఉప్పు. వంటింటి ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే చెమ్మగిల్లుతుంది. సముద్రపు ఉప్పులో సోడియం క్లోరైడుతో పాటు మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. మన తీరంలో మిట్టమధ్యాహ్నం కూడా గాలిలో తేమ సాధారణంగా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అంటే లోహం మీద ఒకసారి పడిన సముద్రపు ఉప్పు పొర ఎండదు, రాత్రీ పగలూ తడిగానే ఉంటుంది. ఆ తడిలో క్లోరైడు, లోహం మీద ఏర్పడే రక్షణ పొరని చిల్లులు పొడుస్తూ పోతుంది. అల ఎగసిపడే చోటు నుంచి దూరం పోయేకొద్దీ గాలిలో ఉప్పు త్వరత్వరగా తగ్గుతుంది. కాబట్టి నెల్లూరు ట్రంకు రోడ్డు మీద తిరిగే బండికీ, ఇసకపల్లి ఉప్పు మడుల పక్కనో కృష్ణపట్నం ఓడరేవు దగ్గరో రాత్రంతా నిలబడే బండికీ ఒకే వైద్యం చెప్పకూడదు. చేపల లారీల నుంచి కారే ఐసునీళ్లు మరో సంగతి. తీరం రోడ్ల మీద ముందు వెళ్లే లారీ వెనకే పోయినవాళ్ల బంపరు చూస్తే తెలుస్తుంది.

తీరపు ఊళ్లలో తిరిగిన బండి కాలిపర్ విప్పి చూస్తే ఈ మాటలన్నీ కళ్ల ముందే ఉంటాయి. మామూలు కార్లలో వాడే జారుడు కాలిపర్‌కి రెండు పిన్నులుంటాయి. పిస్టన్ లోపలి వైపు మాత్రమే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని నొక్కగానే కాలిపర్ మొత్తం ఆ పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. పిన్ను మీది రబ్బరు తొడుగు చిరిగితే చాలు. గ్రీజు ఎండి సుద్దలా రాలుతుంది, దాని కింద గోధుమ రంగు పొడి, పిన్నుని పటకారుతో తిప్పినా కదలదు. లోపలి ప్యాడ్ ఇనుప పలక దాకా అరిగిపోయి ఉంటుంది, బయటిది దాదాపు కొత్తగానే ఉంటుంది. ఒక చక్రం వేడి, రెండోది చల్లన. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగుతుంది. డిస్కు మీద తెల్లారేసరికి కనిపించే ఎర్ర తుప్పు చూసి చాలామంది కంగారు పడతారు, అది రెండు బ్రేకులకే తుడిచిపెట్టుకుపోతుంది. భయపడాల్సింది కనబడని ఆ పిన్నుల గురించి.

సరే, ఏది వేయించాలి?

అంబాసిడర్ వరకు నా ఓటు దాని వంశంలోనే ఉన్న డిస్కులకి. ఇసుజు ఇంజిన్ అంబాసిడర్ల స్క్రాపు నుంచి ముందు హబ్బులు, స్టబ్ యాక్సిళ్లు, కాలిపర్లు, మాస్టర్ సిలిండర్, బూస్టర్ అన్నీ ఒకే బండివి తెచ్చుకోవడం మంచిది. నెల్లూరు వాళ్లకి చెన్నై పుదుపేట ఒక పూట ప్రయాణం. అక్కడ ఓపికగా వెతకాలి, దొరికినదానికి బేరం ఆడాలి. తెచ్చినవి ఏవీ నేరుగా బిగించకూడదు. రబ్బర్లన్నీ కొత్తవి, ప్యాడ్లు కొత్తవి, బోరులో గోరు తగిలేంత గుంట ఉంటే ఆ కాలిపర్ పక్కన పెట్టేయాలి. ఈ దారిలో పెద్ద లాభం, కొలతలన్నీ ఇంజినీర్లు ఒకసారి లెక్కగట్టినవే కావడం.

రెండో దారి ఎక్కువమంది వెళ్లేది. వేరే కంపెనీ కారు కాలిపర్, డిస్కు తెచ్చి, లేత్ దగ్గర ఒక ప్లేటు కోయించి అంబాసిడర్ లేదా పద్మిని స్టబ్ యాక్సిల్‌కి బిగించడం. చక్కగా చేసినవి ఉన్నాయి. భయం పుట్టించేవి అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. గట్టిగా బ్రేకు పడినప్పుడు ఆ బలమంతా ఆ ప్లేటు, దాని రెండు బోల్టుల మీదే. కాలిపర్‌ని పట్టే లోహపు ముక్కని స్టబ్ యాక్సిల్‌కి వెల్డింగు చేసి ఇస్తామంటే ఆ షెడ్డు నుంచి బండి తీసుకుని వచ్చేయండి. ఫోర్జింగు చేసిన ఉక్కుని అలా వేడిచేస్తే ఎక్కడ బీటవేస్తుందో ఎవరూ చెప్పలేరు. హై టెన్సైల్ బోల్టులు, కాలిపర్ మధ్యలో డిస్కు సరిగ్గా కూర్చోవడం, డయల్ గేజి పెట్టి డిస్కు ఊగుడు చూడడం, ఈ మూడూ చేసే మేస్త్రీ దొరికితేనే ఈ దారి. అంబాసిడర్‌కి 15 అంగుళాల చక్రం కాబట్టి కాలిపర్‌కి చోటు ఉంటుంది. పద్మినికి 14 అంగుళాలే, రిమ్ముకి రాసుకుంటుందేమో ముందే చూసుకోవాలి.

బయట కనిపించే డిస్కు గురించే అందరూ ఆలోచిస్తారు. కనిపించనివి మూడున్నాయి. డ్రమ్ము తనంతట తాను లాక్కుంటుందని ముందు చెప్పుకున్నాం, డిస్కుకి ఆ సాయం లేదు కాబట్టి ఆయిల్ ఒత్తిడి చాలా ఎక్కువ కావాలి. దానికి బూస్టర్ కావాలి. బూస్టర్ పెట్రోలు ఇంజిన్ పీల్చే వ్యాక్యూమ్‌తో పనిచేస్తుంది. చాలా డీజిల్ ఇంజిన్లలో ఆ వ్యాక్యూమ్ పుట్టదు, వేరే పంపు పెట్టాలి. చాలా బళ్లలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. డీజిల్ అంబాసిడర్‌కి బూస్టర్ మాత్రం బిగించి పంపును మరిచిపోతే పెడల్ రాయిలా తగులుతుంది. ఇక రెండోది, డ్రమ్ముల కోసం చేసిన వ్యవస్థల్లో షూలు దగ్గరగా ఉండేలా లైన్లో కొద్దిపాటి ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఉండవచ్చు. డిస్కు లైన్లో దాన్ని అలాగే వదిలేస్తే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. మూడోది, ముందు డిస్కుల కోసం పెంచిన ఆయిల్ ఒత్తిడి వెనక డ్రమ్ములకీ పోయి తూకం కుదరకపోతే తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందుగా లాక్ అయి బండి తిరిగిపోతుంది. వెనక ఒత్తిడి తగ్గించే వాల్వు దానికోసమే.

విదేశాల నుంచి తెప్పించే కిట్లు అమెరికన్ కార్ల కోసం చేసినవి. మన దేశంలో పాత మస్టాంగ్ లాంటిది ఉన్నవాళ్లకి అవే సరైనవి, ఎందుకంటే బ్రాకెట్ నుంచి హోస్ దాకా అన్నీ ఆ బండి కోసమే గీసినవి ఉంటాయి. తీరంలో ఉండేవాళ్లు ఆ కిట్ల కేటలాగుల్లో చూడాల్సింది పిస్టన్ల సంఖ్య కాదు. స్టెయిన్‌లెస్ తొడుగు వేసిన బోర్లు ఉన్నాయా, డిస్కుకి జింకు పూత ఉందా, పిన్నులకి తొడుగులు గట్టివేనా అని చూడాలి. రంధ్రాలు పొడిచిన డిస్కులు ఫొటోలో అందంగా ఉంటాయి. ఆ రంధ్రాల అంచుల నుంచే పగుళ్లు పుడతాయి, వాటిలో ఉప్పు బురద కూడా దాక్కుంటుంది. ఊళ్లో తిరిగే బండికి మామూలు డిస్కు చాలు, బరువైన బండికి మధ్యలో గాలి సందులున్నది తీసుకోవచ్చు.

రబ్బరు గొట్టాల బదులు స్టీలు అల్లిక హోస్‌లూ, ఇనుప పైపుల బదులు రాగి-నికెల్ పైపులూ వేయించుకుంటే ఉప్పుకి సమాధానం చెప్పినట్టే. ఈ ఖర్చు డిస్కు కన్నా తక్కువ, ఫలితం ఎక్కువ. దీనికి ముందే చేయాల్సింది ఇంకోటి ఉంది. పాత అంబాసిడర్లలో చాలావాటికి ఒకే గదున్న మాస్టర్ సిలిండర్ ఉంటుంది. ఒక్క చక్రం దగ్గర రబ్బరు కప్పు చిరిగినా, ఒక్క పైపు తుప్పుపట్టి పగిలినా నాలుగు బ్రేకులూ ఒక్కసారే పోతాయి. అమెరికాలో కాడిలాక్ 1962లోనే రెండు గదుల సిలిండర్ పెట్టింది, 1968 నుంచి అక్కడ అన్ని కార్లకూ రెండు వేరు వేరు లైన్లు తప్పనిసరి. డిస్కులు ఈ ఏడాది వేయించలేకపోయినా పర్వాలేదు, రెండు గదుల సిలిండర్ వాయిదా వేయదగింది కాదు.

డ్రమ్ములే ఉంచుకోవాలనుకునేవాళ్లని నేను తక్కువ చేయను. చక్రం లాక్ అయ్యేంత పట్టు డ్రమ్ముకి ఉన్నప్పుడు మొదటిసారి ఆగే దూరం తేల్చేది టైరు. డిస్కు వేయించినంత మాత్రాన అది తగ్గదు. డిస్కు గెలిచేది రెండోసారి, పదోసారి, నీళ్లలో తడిశాక, కొండ దిగేటప్పుడు. వారానికోసారి ఊళ్లో తిరిగే పద్మినికి కొత్త లైనింగు, డ్రమ్ములో సరిగ్గా కూర్చునేలా రాపించిన షూలు, కొత్త వీల్ సిలిండర్లు చాలు. డ్రమ్ము విప్పినప్పుడు కంప్రెసర్ గాలి కొట్టి దుమ్ము ఊదొద్దని మాత్రం మెకానిక్‌కి చెప్పండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిస్తే అయిపోయే పని.

ద్విచక్రాల సంగతి రెండు ముక్కల్లో. 1969లో వచ్చిన హోండా సీబీ750 మోటారు సైకిళ్ల ప్రపంచంలో డిస్కుకి ఆదరణ తెచ్చింది. బైకు డిస్కు స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తారు కాబట్టి మెరుస్తూనే ఉంటుంది. కారుకి పోత ఇనుమే వాడతారు, వేడిని బాగా పీల్చి పంచుతుంది, చవక కూడా. డిస్కు మెరుస్తోంది కదా అని బైకు కాలిపర్‌ని మరిచిపోకూడదు. తీరంలో బుల్లెట్లకి డిస్కు వేయించిన కుర్రాళ్లు ఎక్కువగా మోసపోయేది అక్కడే.

చట్టం సంగతి తెలుసుకునే దిగాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటని గట్టిగా చెప్పింది. మెకానిక్ చేతికి పని ఇచ్చేముందు రవాణా కార్యాలయంలో అడగండి, బీమా కంపెనీకి రాసి ఇవ్వండి. ప్రమాదం జరిగాక చెప్పడం కన్నా అది తేలిక. 50 ఏళ్లు దాటిన బండి ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు బండి అసలు రూపంలో ఉండాలంటాయి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్పులు ఒప్పుకోవు. వింటేజ్ నంబరు ప్లేటు కావాలనుకుంటే కోయకుండా, వెల్డింగు లేకుండా, తిరిగి విప్పి పాత భాగాలు బిగించగలిగేలా మాత్రమే పని చేయించాలి. తీసిన డ్రమ్ముల్ని గ్రీజు పూసి దాచుకోండి.

డిస్కు బ్రేకు కథలో తాజా మలుపు మన వాదానికే బలమిస్తోంది. విద్యుత్ కారు వేగం తగ్గించేటప్పుడు ఎక్కువ భాగం మోటారే వెనక్కి లాగుతుంది, బ్రేకు అరుదుగా పడుతుంది. వాడని డిస్కు తుప్పు పడుతుంది. 2020లో వచ్చిన ఫోక్స్‌వాగన్ ఐడీ.3 వెనక చక్రాలకి కంపెనీ మళ్లీ డ్రమ్ములు పెట్టింది. క్రాస్లీ తన కార్లకు డ్రమ్ములు తిరిగి బిగించిన 70 ఏళ్లకు ఇది జరిగింది.

కాబట్టి నా తీర్పు ఇది. తిరుమలకో ఉదయగిరి కొండలకో తరచు వెళ్లే అంబాసిడర్‌కి, ఇసుజు బండి డిస్కులూ బూస్టరూ రెండు గదుల సిలిండరూ కలిపి వేయించండి. నెల్లూరు దాటని బండికి డ్రమ్ములు బాగుచేయించి, సిలిండర్ మార్చండి చాలు. మైపాడు, కోడూరు, జువ్వలదిన్నె వైపు బండి రాత్రిళ్లు బయట ఉంటే డిస్కు వేయించే ముందు ఏడాదికోసారి కాలిపర్ పిన్నులు విప్పించే ఓపిక ఉందో లేదో మిమ్మల్ని మీరే అడగండి. ఆ ఓపిక లేకపోతే డ్రమ్మే మేలు.

ఏ బ్రేకు ఉన్నా ఒక పని మాత్రం అందరికీ. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలకు మరుగుతుంది. తేమ పీల్చుకున్నాక ఆ ప్రమాణం ప్రకారం 155 డిగ్రీలకే మరగవచ్చు. ఆవిరి పుడితే పెడల్ ఉత్తదే. అందుకని రెండేళ్లకోసారి, అక్టోబరు వానలు మొదలయ్యేలోపు ఆయిల్ పూర్తిగా మార్పించండి, సీలు తీయని డబ్బా మీ కళ్లెదుట తెరిపించండి. పిన్నులకి మామూలు గ్రీజు కాకుండా బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజే పూయించండి. కప్పుల్ని డీజిల్‌తోనో పెట్రోలుతోనో కడగనివ్వకండి, ఆ రబ్బరు వాటికి ఉబ్బిపోయి చెడిపోతుంది.